క్యాప్ కింద మిగిలిన పన్ను



"నొప్పి పూర్తిగా పోయింది కదండీ, ఇంకా క్యాప్ దేనికి?" పళ్ళ డాక్టరుగా నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళని తప్పు పట్టలేం. పుచ్చిన పన్నుతో రాత్రుళ్ళు నిద్ర లేక, రూట్ కెనాల్ కోసం పనులు మానుకుని తిరిగి, వేలకు వేలు కట్టి, దవడలు లాగేసేలా నోరు తెరుచుకుని కూర్చుని లేచిన మనిషికి 'ఇప్పుడు దీనికి తొడుగు వేయాలి' అని చెబితే, లేని ఖర్చు అంటగడుతున్నారేమో అనిపించడం సహజం. కొన్నిచోట్ల ఆ అనుమానం నిజం కూడా. అందుకే ఈ పూట పంటి క్యాప్ ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కర్లేదు, వేయించుకునేటప్పుడు దేన్ని పట్టించుకోవాలి అన్న సంగతులు కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

ముందు పన్ను సంగతి. పైన తెల్లగా కనిపించే పొర ఎనామెల్. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం అదే. దాని బరువులో 96 శాతం దాకా ఖనిజమే. దాని కింద కాస్త పసుపు రంగులో డెంటిన్, ఆ లోపల నరం, రక్తనాళాలు ఉండే గుజ్జు. చెయ్యి విరిగితే ఎముక అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామెల్ అలా కాదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగుళ్ళలోంచి బయటికి వచ్చేనాటికే పోతాయి. ఆ తర్వాత ఎనామెల్ పోయిందంటే పోయినట్టే. డాక్టరు మిషన్ పెట్టి పన్నును అరగదీసే ప్రతిసారీ తిరిగి రాని దాన్నే తీసేస్తున్నాడు. ఈ మాట గుర్తుంచుకుంటే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

రూట్ కెనాల్ చేసిన పన్ను ఎందుకు విరుగుతుంది? నరం తీసేశాక పోషణ అందక పెళుసుబారిపోతుందని చాలామంది అనుకుంటారు. మా డాక్టర్లలోనూ కొందరు అలాగే చెబుతారు. పరీక్షించి చూస్తే డెంటిన్ గట్టిదనంలో పెద్ద తేడా ఏమీ రాదు. అసలు దెబ్బ పంటి గోడలకు తగిలింది. పుచ్చు తిన్నంత తినగా, ఆ పుచ్చును తొలిచినప్పుడు పోయినంత పోగా, మిగిలేది కొంచెమే. 1989లో అమెరికాలో పరిశోధకులు పీకేసిన పళ్ళ మీద బరువు పెట్టి కొలిచారు. నరం దాకా రంధ్రం చేసినంత మాత్రాన పన్ను బిగువు 5 శాతమే తగ్గింది. పక్క పళ్ళకు ఆనుకుని ఉండే రెండు వైపుల గట్లూ పోయేలా తొలిచినప్పుడు మాత్రం 63 శాతం పడిపోయింది. కాబట్టి నిందించాల్సింది రూట్ కెనాల్‌ను కాదు, దానికి ముందు మనం నెలల తరబడి పట్టించుకోకుండా వదిలేసిన పుచ్చును.

నమిలేటప్పుడు అసలు బరువంతా పడేది వెనక దవడ పళ్ళ మీదే. గట్లు పోయి విడివిడిగా నిలబడ్డ గోడల మధ్య సిమెంటు నింపి వదిలేస్తే, గట్టిది కొరికినప్పుడల్లా ఆ గోడలు పక్కలకు విచ్చుకోవాలని చూస్తాయి. ఏదో ఒకరోజు నిలువునా చీలుతాయి. ఎడ్లబండి చక్రానికి చుట్టూ ఇనప పట్టా వేసి చెక్కలు విడిపోకుండా బిగించినట్టు, క్యాప్ ఆ గోడలన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు తమ దగ్గర రూట్ కెనాల్ చేయించుకున్నవారి పాత రికార్డులు తిరగేసి 2002లో ఒక లెక్క చెప్పారు. క్యాప్ వేసిన పళ్ళతో పోలిస్తే వేయని పళ్ళు ఊడగొట్టించుకోవాల్సిన పరిస్థితి 6 రెట్లు ఎక్కువగా వచ్చింది.

నా మటుకు నాకు ఇందుకు రుజువు సంక్రాంతి వెళ్ళిన వారమే. చెగోడీలు, సకినాలు, జంతికలు, చెరుకు ముక్కలు. పండగ తర్వాత విరిగిన దవడ పన్నుతో వచ్చేవాళ్ళు ఏ ఏడాదైనా ఉంటారు. ఒకసారి ఒక పెద్దావిడ వచ్చారు. కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ అయింది, నొప్పి తగ్గింది, క్యాప్ సంగతి పంట డబ్బులు చేతికొచ్చాక చూద్దామనుకున్నారు. సకినం కొరకగానే టక్కుమని శబ్దం వచ్చిందట. "పిండిలో రాయుందనుకున్నానయ్యా, మా కోడల్ని నాలుగు మాటలన్నాను కూడా" అన్నారావిడ. అద్దం పెట్టి చూస్తే పన్ను మధ్యలో, ముందు నుంచి వెనక్కి సన్నటి గీత. పరికరం మొన ఆ గీతలో పెట్టి మెల్లగా ఒత్తితే రెండు ముక్కలూ దేనికది కదులుతున్నాయి. చీలిక వేరు దాకా దిగిపోయింది. అలాంటి పన్నుకు ఏ క్యాపూ పనికిరాదు. పీకేశాం. రూట్ కెనాల్‌కు పెట్టిన డబ్బు, పడ్డ బాధ, అన్నీ దండగ. కోడలికి మాత్రం సారీ చెప్పండమ్మా అన్నాను.

ఇంకో రకం చీలిక ఉంది. పుచ్చు కనిపించదు, ఎక్స్‌రేలోనూ చాలాసార్లు దొరకదు. గట్టిదేదైనా కొరికి, పన్ను వదిలేటప్పుడు ఒక్క క్షణం పోటు పొడుస్తుంది. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. వక్క నమిలేవాళ్ళు, నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళు, సోడా మూతలు పళ్ళతో లాగే వీరులు, వీళ్ళలో ఇది ఎక్కువ. చీలిక నరం దాకా వెళ్ళకముందే ఆ పన్నుకు క్యాప్ వేస్తే చాలామందికి రూట్ కెనాల్ అవసరమే రాదు. అప్పుడప్పుడే కదా వస్తోంది అని ఊరుకోకండి.

మరి అక్కర్లేని చోట్ల సంగతి. చిన్న పుచ్చుకు ఫిల్లింగ్ చాలు. ముందు పన్నుకు రూట్ కెనాల్ చేసినా, పన్ను చాలావరకు మిగిలి ఉంటే వెనక వైపు రంధ్రం పూడిస్తే సరిపోతుంది. పన్నులో ఒక పక్కే పోయినప్పుడు ఆ పక్కకు మాత్రమే కప్పే సగం తొడుగులు కూడా ఉన్నాయి. నాకు కోపం తెప్పించేది వేరే రకం. పెళ్ళి ముహూర్తం పెట్టుకుని వచ్చి "ముందు ఆరు పళ్ళకూ క్యాపులు వేసి తెల్లగా చేసేయండి" అంటారు. దంతాలకు ఏ జబ్బూ ఉండదు, కాస్త రంగు తక్కువ, అంతే. పూర్తి క్యాప్ కోసం చెక్కితే పన్ను పైకి కనిపించే భాగంలో 63 నుంచి 72 శాతం దాకా పోతుందని, చెక్కకముందూ చెక్కిన తర్వాతా తూకం వేసి చూసిన పరిశోధన 2002లో వచ్చింది. బాగున్న పన్నులో మూడింట రెండు వంతులు పొడి చేసి ఊసేయడమన్న మాట. ఇరవై ఏళ్ళ పిల్లకు అలా చేయడం నా దృష్టిలో వైద్యం కాదు.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల పళ్ళ మీద సుద్ద రంగు మచ్చలు, గోధుమ రంగు గీతలు ఉన్నవాళ్ళు అక్కడ తరాలుగా ఉన్నారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికల్లో మొదట రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసి. ఆ మరకలతో పెళ్ళిచూపుల్లో పడే నలుగుబాటు నాకు తెలుసు. కానీ మరక ఉన్నంత మాత్రాన పన్ను బలహీనం కాదు. పైపొరను కొద్దిగా మెరుగుపెట్టడం, బ్లీచింగ్, పల్చటి పూత, వీటితోనే చాలామందికి పని జరుగుతుంది. ఎనామెల్ గుంటలు పడి పెచ్చులూడుతున్నప్పుడే క్యాప్ దాకా వెళ్ళాలి.

ఇక క్యాప్ వేసే పద్ధతి. మామూలుగా రెండు సార్లు రావాలి. మొదటి రోజు అన్నిటికన్నా ముందు చూడాల్సింది రంగు. కొందరు పన్ను చెక్కేశాక చివర్లో చూస్తారు, అది సరికాదు. నోరు చాలాసేపు తెరిచి ఉంచితే పళ్ళు తడి ఆరి అసలు రంగుకన్నా తెల్లగా కనిపిస్తాయి. అప్పుడు ఎంచిన రంగు తర్వాత నోట్లో ఎబ్బెట్టుగా తేలిపోతుంది. కుర్చీ లైటు ఆపేసి, కిటికీ వెలుతురులో, లిప్‌స్టిక్ ఉంటే తుడిచేసి, నమూనా పళ్ళ పట్టీ పక్కన పెట్టి చూడాలి. ఎక్కువగా వాడే పట్టీలో ఎ-వన్ నుంచి డి-ఫోర్ దాకా 16 రంగులుంటాయి. పేషెంటు వేలు మాత్రం ఎప్పుడూ అన్నిటికన్నా తెల్లటి దాని మీదికే పోతుంది. పక్క పళ్ళు అలా లేవు కదమ్మా అని నచ్చజెప్పడం మా ఉద్యోగంలో ఒక భాగం.

తర్వాత మత్తు సూది. రూట్ కెనాల్ అయిన పన్నుకు నొప్పి తెలియకపోయినా చిగురుకు తెలుస్తుంది. నీళ్ళు చిమ్మే డ్రిల్లుతో పన్నును పైనుంచి మిల్లీమీటరున్నర నుంచి 2 మిల్లీమీటర్లు, చుట్టూ మిల్లీమీటరు దాకా తీస్తాం. చిగురు దగ్గర చుట్టూ ఒక సన్నని మెట్టు చెక్కుతాం. క్యాప్ అంచు వచ్చి కూర్చునేది ఆ మెట్టు మీదే. క్యాప్ ఎన్నాళ్ళు ఉంటుందో తేలేది కూడా అక్కడే. అంచు సరిగా అతకక సందు మిగిలితే సిమెంటు క్రమంగా కరిగిపోతుంది, సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. పైన పింగాణీ మెరుస్తూనే ఉంటుంది, లోపల పన్ను పుచ్చిపోతుంది. నరం లేని పన్ను కాబట్టి నొప్పి పుట్టి హెచ్చరించదు కూడా.

అందుకే అచ్చు తీసేముందు చిగురు సందులో సన్నని దారం దూర్చి చిగురును కాస్త పక్కకు జరుపుతాం. మెట్టు చుట్టూ అచ్చులో స్పష్టంగా పడాలి. చిగురు నుంచి రక్తం కారుతుంటే పడదు. చిగుళ్ళు వాచి ఉన్నవాళ్ళకు ముందు క్లీనింగ్ చేసి, వాపు తగ్గేదాకా ఆగి అప్పుడు అచ్చు తీయడం మేలు. ఈ రోజే అన్నీ అయిపోవాలని డాక్టర్ని తొందర పెట్టకండి. అచ్చు తీసే పుట్టీ నోట్లో ఉన్న ఆ కాసిన్ని నిమిషాలు కొందరికి వాంతి వచ్చేటట్టు ఉంటుంది. తల కాస్త ముందుకు వంచి ముక్కుతో గాలి పీలిస్తే తేలిక. ఇప్పుడు చాలాచోట్ల పుట్టీ బదులు చిన్న కెమెరాతో స్కాన్ చేస్తున్నారు, ఆ బాధ తప్పింది. చెక్కిన పన్ను మీద అసలు క్యాప్ వచ్చేదాకా ప్లాస్టిక్‌తో తాత్కాలిక తొడుగు పెడతారు. పెట్టకపోతే అడగండి. నరం బతికి ఉన్న పన్నుకైతే అది తప్పనిసరి.

క్యాప్ తయారుచేసేది డాక్టరు కాదని చాలామందికి తెలియదు. అచ్చు ల్యాబుకు వెళ్తుంది. మెటల్ క్యాప్ అయితే అక్కడ టెక్నీషియన్ ప్లాస్టర్ నమూనా మీద మైనంతో పన్ను ఆకారం తీర్చి, చుట్టూ మూస పోసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలోకి లోహం పోస్తాడు. పంచలోహ విగ్రహాలు పోసే మన స్థపతుల పద్ధతే అది. దాన్ని పళ్ళ పనిలోకి తెచ్చి 1907లో లోకానికి చూపించినవాడు విలియం టాగర్ట్ అనే అమెరికా దంతవైద్యుడు. పేషెంట్ల కంట పడని ఆ టెక్నీషియన్ చేతి నేర్పు మీదే మీ క్యాప్ అంచు ఆధారపడి ఉంటుంది. కాబట్టి డాక్టర్ని ఏ ల్యాబుకు పంపుతున్నారని అడగడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు అందరూ మొదట అడిగే ప్రశ్నకు వద్దాం. ఏ క్యాప్ మంచిది? మెటలా, పింగాణీనా, జిర్కోనియానా?

మెటల్ క్యాప్ చవక, గట్టిది, దాని కోసం పన్నును తక్కువ చెక్కితే చాలు. చూడ్డానికి బాగుండదు, అంతే. నికెల్ కలిసినవి ఎక్కువ కాబట్టి, రోల్డ్ గోల్డ్ కమ్మలు పెట్టుకుంటే చెవులు దురద పెట్టేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మెటల్ మీద పింగాణీ కాల్చి అతికించే రకం 1960ల నుంచి ప్రపంచమంతా వాడుతోంది. ఇది బాగానే పనిచేస్తుంది. కాకపోతే అప్పుడప్పుడు పింగాణీ పెచ్చు లేచిపోతుంది, ఏళ్ళు గడిచి చిగురు కిందికి జారితే అంచు దగ్గర నల్లటి గీత కనిపిస్తుంది. లోహం లేని పూర్తి పింగాణీ తొడుగు కొత్తదేమీ కాదు. నూరేళ్ళకు పైగా కిందటే డెట్రాయిట్‌లో చార్లెస్ లాండ్ అనే దంతవైద్యుడు చేశాడు. 1927లో విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ ఈయన కూతురి కొడుకే. అప్పటి పింగాణీ తొందరగా పగిలేది. ఇప్పటి జిర్కోనియా అలా పగలదు.

జిర్కోనియా మనకు అంత దూరపు వస్తువు కూడా కాదు. దాని ముడి ఖనిజం జిర్కాన్ మన భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలో ఉంది. హైదరాబాదులో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వాళ్ళు అణు రియాక్టర్లకు గొట్టాలు చేసేది ఆ జిర్కోనియం మిశ్రలోహంతోనే. క్యాప్ కోసం దాని ఆక్సైడ్‌ను మెత్తటి దిమ్మగా చేసి, కంప్యూటర్ మిషన్‌తో కావలసిన దానికన్నా పెద్దదిగా చెక్కుతారు. దాదాపు 1,500 డిగ్రీల కొలిమిలో కాలిస్తే అది 20 శాతం దాకా ముడుచుకుని సరైన కొలతకు వస్తుంది. గట్టిదనానికి తిరుగులేదు. ఒక్క జాగ్రత్త చెబుతాను. క్యాప్ వేశాక ఎత్తు సరిచేయడానికి దాన్ని అరగదీస్తే, ఆ చోటును మళ్ళీ నున్నగా పాలిష్ చేయించుకోండి. గరుకుగా వదిలేస్తే ఎదుటి పన్నును అరగదీస్తుంది.

ఇంత చెప్పాక నా అభిప్రాయం చెప్పనివ్వండి. క్యాప్ దేనితో చేశారన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న కింద ఎంత పన్ను మిగిలిందని. చిగురుకు పైన చుట్టూ కనీసం మిల్లీమీటరున్నర, 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను ఉండి, క్యాప్ దాన్ని చుట్టి పట్టుకోవాలి. ఆ పట్టు లేకుండా, లోపల అంతా సిమెంటుతో కట్టిన దిమ్మ మీద జిర్కోనియా కాదు బంగారమే తొడిగినా, దిమ్మతో సహా ఊడి చేతికొస్తుంది. వేరులో చిన్న కడ్డీ దించి దిమ్మ కడతారు, అది దిమ్మను నిలబెడుతుందే గానీ పన్నుకు బలం ఇవ్వదు. కొన్నిసార్లు చిగురును కొద్దిగా కోసి కింది పన్ను బయటపెట్టుకోవచ్చు. అదీ కుదరకపోతే ఈ పన్నుకు క్యాప్ వద్దు, తీసేసి వేరే దారి చూద్దామని చెప్పే డాక్టరే మీకు మేలు చేస్తున్నట్టు.

పదేళ్ళ, పదిహేనేళ్ళ గ్యారంటీ కార్డులు ఇస్తున్నారిప్పుడు. వాటిని చదివి చూడండి. ఆ హామీ క్యాప్ పగలదని. లోపల పన్ను పుచ్చదని కాదు, చిగురు జబ్బు రాదని కాదు. పోయే క్యాపుల్లో ఎక్కువ భాగం ఆ కార్డులో లేని కారణాలతోనే పోతాయి. సరిగా వేసిన క్యాపులు ఐదేళ్ళ తర్వాత నూటికి 90కి పైగా నిలిచి ఉంటున్నాయి. పదేళ్ళు, పదిహేనేళ్ళు దాటినవి మా దగ్గరకు రోజూ వస్తుంటాయి.

రెండోసారి వచ్చిన రోజున అతికించే ముందు రంగు కాగితం కొరికించి చూస్తాం. ఎక్కడ ముందుగా తగిలితే అక్కడ రంగు చుక్క పడుతుంది, అక్కడ కాస్త తీస్తాం, మళ్ళీ కొరికిస్తాం. "ఇప్పుడెలా ఉంది?" అంటే మనవాళ్ళు మొహమాటపడి "బాగానే ఉందండీ, అలవాటైపోతుందిలే" అంటారు. ఆ మొహమాటం వద్దు. కాగితమంత మందం ఎత్తున్నా నమిలేటప్పుడు దెబ్బ ముందుగా ఆ పన్నుకే తగులుతుంది, నాలుగు రోజుల్లో సలుపు మొదలవుతుంది. మత్తులో తెలియక ఇంటికెళ్ళాక తెలిస్తే మళ్ళీ వెళ్ళి సరిచేయించుకోండి.

వేసిన తర్వాత క్యాప్ అంచు దగ్గర బ్రష్ బాగా ఆడాలి. పళ్ళ మధ్య సందుల్లో దారం గానీ సన్నటి బ్రష్ గానీ వాడాలి. క్యాప్ ఊడొస్తే పారేయకండి, ఫెవిక్విక్ పెట్టి మీరే అతికించుకోకండి. నవ్వొచ్చినా, అలా వచ్చినవాళ్ళను చూశాను. వంకరగా అతికితే తీయడానికి పన్నే విరగ్గొట్టాల్సి వస్తుంది. చిన్న డబ్బాలో వేసుకుని తీసుకురండి, పన్ను బాగుంటే అదే మళ్ళీ పనికొస్తుంది.

చిన్నపిల్లల గురించి రెండు మాటలు. ఊడిపోయే పాలపన్నుకు స్టీలు క్యాప్ ఏమిటని తల్లిదండ్రులు విసుక్కుంటారు. వెనక పాల దవడ పన్ను పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. ఆరేళ్ళకే పీకేస్తే పక్క పళ్ళు ఆ చోటులోకి జరిగి, రావలసిన పన్నుకు దారి ఉండదు. దాన్ని అప్పటిదాకా కాపాడేందుకే ఆ క్యాప్.

ఖర్చు భయం ఉన్నవాళ్ళకు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లోనూ బయటకన్నా తక్కువకే చేస్తారు. పీజీ విద్యార్థులు చేసినా పక్కన ప్రొఫెసర్లు ఉంటారు. కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, అంతే తేడా.

రూట్ కెనాల్ అయి క్యాప్ లేకుండా ఉన్న దవడ పన్ను మీ నోట్లో ఉంటే, ఈ రోజు నుంచి ఆ వైపు గట్టివి నమలకండి, ఈ నెలలోనే వెళ్ళి చూపించండి. జిర్కోనియాకు డబ్బు కూడాలని ఆగొద్దు. ఎవరికీ కనిపించని వెనక పన్నుకు మెటల్ క్యాప్ వేయించుకున్నా నిక్షేపంగా ఉంటుంది.